పాత మోటార్ హోమ్ కిటికీ కారుతోందా? చెన్నైలో మరమ్మతుకూ, విడిభాగాల వేటకూ సమగ్ర మార్గదర్శి

మబ్బు పడితే చాలు, పాత మోటార్ హోమ్ ఉన్నవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "కిటికీ కారుతోంది, ఏ సీలెంట్ పూయమంటారు?" దాని వెనకే రెండోది: "మా బండికి ఈ రబ్బరు చెన్నైలో ఎక్కడ దొరుకుతుంది?" మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు తెలియాలి. రెండో ప్రశ్నకు జవాబు కొలతల్లో ఉంది. బండి పేరు చెప్పి అడిగితే దొరకని వస్తువు, కొలతా నమూనా చూపిస్తే చాలాసార్లు దొరుకుతుంది.

పనికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి. చెన్నైకి అసలు వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా పని చేయవచ్చు గానీ, సాయంత్రం ఉరుముల జల్లు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. విప్పిన కిటికీ అలాగే ఉండగా వాన వస్తే ఇంతవరకు పొడిగా ఉన్న చెక్క కూడా తడుస్తుంది. పందిరి కింద నిలిపే వీలు లేకపోతే పొద్దున్నే మొదలుపెట్టి, రోజుకు ఒక్క కిటికీతో సరిపెట్టుకోండి.

## 1. మీ కిటికీ ఏ రకమో తేల్చుకోండి

పాత బండ్లలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి.

రబ్బరు కిటికీ. అద్దం చుట్టూ మందపాటి రబ్బరు, ఆ రబ్బరు గాడిలో బండి రేకు అంచు. పాత మెటాడోర్ మీద కట్టిన బండ్లలో, బస్సు బాడీ మీద చేయించిన మోటార్ హోమ్‌లలో ఇదే ఎక్కువ. కొన్నింటిలో రబ్బరు మధ్య గాడిలో సన్నని బిగింపు పట్టీ కూడా ఉంటుంది.

అల్యూమినియం ఫ్రేము కిటికీ. ఫ్రేము అంచు బయట గోడకు ఆని, స్క్రూలతోనో రివెట్లతోనో బిగిసి ఉంటుంది. అద్దాలు పక్కకు జరుగుతాయి, లేదా బయటికి తెరుచుకుంటాయి.

యాక్రిలిక్ కిటికీ. యూరప్ తయారీ మోటార్ హోమ్‌లలో ఉండే రెండు పొరల ప్లాస్టిక్ కిటికీ. పైన బందు, కింద గడియలు. గోటితో తడితే గాజు మోత రాదు, మొద్దుగా పలుకుతుంది.

రకం తేలకుండా ఏ సీలెంటూ కొనకండి. ఒకదానికి మందైనది ఇంకొకదానికి విషం. యాక్రిలిక్ విషయంలో ఇది అక్షరాలా నిజం.

## 2. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోండి

ఈ పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కిటికీ కింద తడి కనిపించినంత మాత్రాన తప్పు కిటికీదే అనుకోవద్దు. పైకప్పు అంచు పట్టీ, గాలి గవాక్షం, ఏసీ అడుగు, పైన ఉండే చిన్న దీపాలు, వీటిలో ఏ స్క్రూ రంధ్రం నుంచి దూరిన నీరైనా గోడ లోపల వైరు వెంట జారి కిటికీ కోత దగ్గర బయటపడుతుంది. కోత అంచు దగ్గర గోడ తెరిచి ఉంటుంది కాబట్టి నీటికి అదే దారి.

ముందు చెమ్మ పరీక్ష. లోపల వండుకుని, తలుపులు మూసుకుని పడుకుంటే గోడకు పట్టే చెమ్మ కూడా కారుడులాగే కనిపిస్తుంది. అరచేతి వెడల్పు పాలిథిన్ ముక్కను కిటికీ కింద గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. గది వైపు తడి ఉంటే అది చెమ్మ, గాలి ఆడనిస్తే సరిపోతుంది. పాలిథిన్ వెనక, గోడ వైపు తడి ఉంటే గోడలోకి నీరు చేరినట్టే.

తర్వాత పైపు పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి.

1. లోపలి కర్టెన్లు, చెక్క పట్టీలు తీసేయండి. కిటికీ చుట్టూ లోపలి అంచు మీద సుద్దముక్కతో మందంగా గీత గీయండి. నీటి చుక్క దాటిన చోట సుద్ద కరిగి చార కనిపిస్తుంది.
2. బయట ఉన్నవారు పైపుతో నెమ్మదిగా నీళ్లు వదలాలి. ధార గట్టిగా కొట్టకూడదు. ఒత్తిడితో కొడితే మంచి రబ్బరు కూడా కారుతుంది.
3. కింది అంచుతో మొదలుపెట్టండి. పది నిమిషాలు ఆగి పక్క అంచులు, ఆ తర్వాత పై అంచు, చివరికి పైకప్పు పట్టీ. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లకూ పారి ఏమీ తేలదు.
4. లోపలివారు టార్చితో చూస్తూ, మొదటి చుక్క కనిపించగానే కేకేయాలి. ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.
5. ఏమీ కారకపోతే ముందు చక్రాలు కాస్త పల్లంలో ఉండేలా బండి నిలిపి మళ్లీ చేయండి. సమతలంలో కారని కిటికీలు వాలులో కారుతాయి.

కిటికీ అంచులు తడిపినప్పుడే కారితే తప్పు కిటికీదే. పైకప్పు తడిపాకే కారితే కిటికీ జోలికి పోకుండా పైకి ఎక్కండి. బండి నడిచేటప్పుడు మాత్రమే వాన లోపలికి వస్తుంటే అది గాలి ఒత్తిడి పని. అప్పుడు జరిగే అద్దాల బ్రష్ పట్టీలు, తెరుచుకునే కిటికీల అంచు రబ్బరు చూడాలి.

జరిగే అద్దాల కిటికీకి ఇంకో చిన్న పరీక్ష ఉంది. కింది పట్టాలోకి గ్లాసుడు నీళ్లు పోయండి. పట్టా అడుగున బయటి వైపుకు చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్లు వాటి గుండా వెంటనే బయటికి పోవాలి. నిలిచిపోతే రంధ్రాల్లో దుమ్ము, చీమల మట్టి పేరుకుంది. సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి. చాలా "కారే కిటికీల" కథ ఇక్కడితోనే ముగుస్తుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ఈ రంధ్రాలనే కారుడు అనుకుని సీలెంట్‌తో పూడ్చేసే పెయింటర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

## 3. విప్పే ముందే విడిభాగాలు సంపాదించండి

కిటికీ విప్పాక రబ్బరు కోసం తిరిగితే బండికి రోజుల తరబడి కన్నం ఉంటుంది. ముందు కొలతలు, ఆ తర్వాత వేట, అన్నిటికన్నా చివర విప్పడం.

### కొలతలు, ఆనవాళ్లు

- ఫ్రేము బయటి పొడవు, వెడల్పు (మిల్లీమీటర్లలో, మూడేసి చోట్ల)
- గోడలో కోత పొడవు, వెడల్పు, గోడ మందం
- మూలల వంపు: అట్టముక్కను వంపుకు సరిగ్గా కత్తిరించి దాచుకోండి
- అద్దం మందం
- అద్దం మూలన చెక్కిన గుర్తుల ఫోటో
- ఛాసిస్ నంబరు, తయారీ పలక ఫోటో

అద్దం మీది గుర్తులు చాలా చెబుతాయి. వృత్తంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన అంకె ఉంటే అది యూరప్ ఆమోదం. 1 జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది. వస్తువు అక్కడే తయారైందని కాదు గానీ, వెతకడానికి మంచి మొదలు. ఇంగ్లీషులో 'డాట్' (DOT) అని ఉంటే అమెరికా వైపు వెతకాలి.

రబ్బరుకు ఒక మంచి ఉపాయం. ఎలాగూ పాడైన చోట రెండంగుళాల ముక్క కోయండి. కొత్త బ్లేడుతో దాని కొసను నిటారుగా చెక్కి, స్టాంపు ప్యాడ్ మీద అద్ది, గళ్ల కాగితం మీద ముద్ర వేయండి. రబ్బరు అడ్డకోత అసలు సైజులో కాగితం మీదికి దిగుతుంది: అద్దం గాడి వెడల్పు, రేకు గాడి వెడల్పు, రెండు గాడుల మధ్య గోడ మందం, పెదవి (రేకు మీదికి ఎక్కే అంచు) పొడవు. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఎవరికి పంపినా పని జరుగుతుంది. ఎండిపోయిన రబ్బరు కొంత కుంచించుకుని ఉంటుంది కాబట్టి గాడి కొలతలను అద్దం మందంతో, రేకు మందంతో సరిచూసుకోండి.

### బండికి చుట్టాలు ఎవరు?

పాత బండి విడిభాగాలు తరచు దాని చుట్టాల దగ్గర దొరుకుతాయి. మెర్సిడెస్ టీ1 వ్యాన్ (1977–1995) మీద కట్టిన మోటార్ హోమ్ ఉంటే, మన టెంపో ట్రావెలర్ ఆ వ్యాన్ ఆధారంగానే వచ్చిందని గుర్తుపెట్టుకోండి. బజాజ్ టెంపో దాన్ని 1987లో తెచ్చింది, ఆ సంస్థే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. 207డీ వంటి టీ1 బండ్లలో ఉన్న 2.4 లీటర్ల ఓఎం616 డీజిల్ ఇంజిన్‌ను ఆ సంస్థ ఇక్కడ లైసెన్సు మీద తయారుచేసింది. కాబట్టి ముందు అద్దం రబ్బరు, తలుపు రబ్బర్లు, ఇంజిన్ సామాను కోసం జర్మనీకి రాసే ముందు పాత ట్రావెలర్ సామాను కొలిచి చూడండి.

ఫోక్స్‌వాగన్ టైప్ 2 వాళ్లది ఇంకా అదృష్టం. బ్రెజిల్‌లో ఆ బండి 2013 దాకా తయారైంది, రబ్బర్లు ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి.

అయితే ఇదంతా ముందు భాగానికే. వెనక ఇంటి గది కిటికీలు బండి కంపెనీవి కావు, బాడీ కట్టినవారు ఎక్కడో కొని బిగించినవి. వాటికి బండి పేరు చెప్పి అడిగితే ఏ దుకాణదారుడైనా తల అడ్డంగా ఊపుతాడు.

### చెన్నైలో ఎక్కడ?

పుదుపేట. ఎగ్మూర్ పక్కన, కూవం ఒడ్డున. పాత బండ్లు విప్పి అమ్మే చోటు. గడియలు, బందులు, అద్దం ఎత్తే యంత్రాలు, అల్యూమినియం ఫ్రేములకు ఇక్కడ తిరగాలి. నమూనా చేతిలో పట్టుకుని ఉదయం పూట వెళ్లండి. మొదటి ధరకు ఒప్పుకోవద్దు, రసీదు లేకుండా కొనవద్దు. పాత రబ్బరు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, మీ దగ్గరున్నదే పాతది కదా.

జనరల్ ప్యాటర్స్ రోడ్డు. మౌంట్ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఈ వీధిలో కొత్త ఆటో విడిభాగాలు, తలుపు రబ్బర్లు, బీడింగులు, ఫెల్ట్ చానెళ్లు చూడవచ్చు.

ప్యారీస్ కార్నర్, జార్జి టౌన్ వీధులు. స్క్రూలు, రివెట్లు, పరిశ్రమలకు అమ్మే రబ్బరు పట్టీలు. ఈపీడీఎం రబ్బరు అని గట్టిగా అడగండి. మామూలు రబ్బరు చెన్నై ఎండకు త్వరగా పగుళ్లిస్తుంది.

ఇళ్ల అల్యూమినియం కిటికీలు చేసేవారు. జరిగే అద్దాలకు పెట్టే బ్రష్ పట్టీ, చిన్న చక్రాలు, అద్దం అంచు రబ్బరు వీళ్ల దగ్గర మీటర్ల లెక్కన ఉంటాయి. మోటార్ హోమ్ కోసమని చెప్పనక్కర్లేదు, పట్టీ వెడల్పు, బ్రష్ ఎత్తు చెబితే చాలు.

క్యారవాన్లు నడిపేవారు. వడపళని, సాలిగ్రామం వైపు సినిమా షూటింగులకు క్యారవాన్లు అద్దెకిచ్చేవారికి తమ కిటికీలు ఎవరు బాగుచేస్తారో తెలుసు. ఆ మేస్త్రీ ఫోను నంబరు దొరికితే సగం పని అయినట్టే.

నగరంలో దొరకకపోతే బస్సు బాడీలకు పేరున్న కరూర్ ఉంది. బస్సు కిటికీ రబ్బరు రకాలన్నీ అక్కడ వాడుకలో ఉన్నవే, ముద్ర కాగితం ఫోటో పంపి అడగవచ్చు. ఊరికి వెళ్లే పని ఉంటే విజయవాడ ఆటోనగర్‌లోనూ చూసి రండి. బెంగళూరువాళ్లకు జేసీ రోడ్డు కొత్త సామానుకు, శివాజీనగర్ గుజిలీ బజారు పాత సామానుకు.

### అద్దం చేయించాలంటే

చదునైన పక్క అద్దాన్ని ఇక్కడే చేయించవచ్చు. పల్చని ప్లైవుడ్‌తో అసలు సైజు నమూనా కోసి ఇవ్వండి. రబ్బరు కిటికీ అయితే కోత సైజులోంచి రబ్బరు మధ్య గోడ మందాన్ని రెండు వైపులా తగ్గించాలి. టఫెన్డ్ (వేడితో గట్టిపరచిన) అద్దాన్ని తయారయ్యాక కోయలేం, రంధ్రం వేయలేం. అంచు నునుపు, గడియ రంధ్రాలు అన్నీ ముందే చేయించాలి. అద్దం మీద ఐఎస్ 2553 గుర్తు ఉండాలని ముందే చెప్పండి. ముందు అద్దం తప్పనిసరిగా లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది) కావాలి. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లో కనీసం 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు దాటాలి, ముదురు రంగు అద్దం వేయించి తర్వాత చిక్కులో పడకండి.

### విదేశాల నుంచి తెప్పించాలంటే

గడియలు, బందులు, రబ్బరు తెప్పించండి. అద్దం వద్దు, దారిలో పగిలితే అడిగే దిక్కుండదు. వాడిన వస్తువుల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి పాత సామాను చవకగా కనిపించినా కొత్తదే కొనండి. కొనే ముందు కస్టమ్స్ సుంకం, కొరియర్ చార్జీ కలిపి లెక్కవేసుకోండి.

## 4. చేతికి అందేలా పెట్టుకోవలసినవి

- రెండు వైపులా కాగితం ఉండే బ్యూటైల్ టేపు, సుమారు 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం
- పీయూ (పాలీయురేథేన్) సీలెంట్, సికాఫ్లెక్స్ 221 లాంటిది; సీలెంట్ గన్
- స్టెయిన్‌లెస్ స్క్రూలు. సముద్రం దగ్గర ఉండేవారికి 316 రకం మేలు
- ప్లాస్టిక్ గీకుడు ముక్కలు (పాత ఏటీఎం కార్డులు చక్కగా పనిచేస్తాయి)
- కిరోసిన్ లేదా టర్పెంటైన్, పాత నూలు గుడ్డలు
- 4–5 మి.మీ. నైలాన్ తాడు, సబ్బు నీళ్లు (రబ్బరు కిటికీకి)
- మాస్కింగ్ టేపు, టార్పాలిన్, చేతి తొడుగులు

టేపు కొనేటప్పుడు జాగ్రత్త. బ్యూటైల్ టేపు అని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేది వెనక వెండి రేకు ఉన్నది. అది పైకప్పు పగుళ్ల మీద అంటించడానికి, ఫ్రేము కింద పనికిరాదు. మనకు కావలసింది రెండు వైపులా జిగురుగా, చలిమిడిలా నొక్కితే అణిగేది.

## 5. విప్పడం

లోపలి బిగింపులు తీసే ముందు బయట ఒకరు అద్దాన్ని పట్టుకుని ఉండాలి. స్క్రూలు తుప్పు పట్టి తిరగకపోతే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. రివెట్లయితే తలను డ్రిల్లుతో తీసేయాలి. రంధ్రాన్ని పెద్దది చేయకుండా రివెట్ సైజు బిట్టే వాడండి.

ఫ్రేమును స్క్రూడ్రైవరుతో పెకలించకండి. అల్యూమినియం ఒకసారి వంగితే మళ్లీ చదును కాదు, ఆ వంపు దగ్గరే రేపు కారుతుంది. ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేయండి.

రబ్బరు కిటికీలో బిగింపు పట్టీ ఉంటే ముందు దాన్ని లాగేయండి. రబ్బరు కొత్తది దొరికిందన్న భరోసా ఉంటే పాతదాన్ని బ్లేడుతో లోపలి పెదవి వెంట కోసేయడమే తేలిక.

## 6. వెనకున్న చెక్క, రేకు

ఫ్రేము తీశాక కోత చుట్టూ స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. గట్టిగా తగిలితే సరే. మెత్తగా దిగితే ఆ చెక్క పోయింది. దాని మీద ఎంత ఖరీదైన సీలెంట్ పూసినా స్క్రూకు పట్టు ఉండదు.

మెత్తబడినంత మేరా తీసేసి, ఆ పైన ఒక అంగుళం మంచి చెక్క కూడా తీయండి. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ గానీ, టేకు రీపర్ గానీ కొలతకు కోసి ఎపాక్సీతో అతికించండి. కోసిన అంచులకు కూడా ఎపాక్సీ పట్టించాలి, నీరు తాగేది అంచుల నుంచే. కొత్తది పెట్టే ముందు గోడ పూర్తిగా ఆరాలి. ఫ్యాను పెట్టి రెండు మూడు రోజులు వదిలేస్తే తప్పేమీ లేదు, కన్నానికి ఈలోపు టార్పాలిన్ కప్పండి. స్క్రూ రంధ్రాలు వదులైతే ఎపాక్సీ పూసిన కర్ర పుల్ల దిగగొట్టి, ఆరాక కొత్తగా డ్రిల్లు వేయండి.

రేకు బాడీ అయితే తుప్పు గీకి, ఎర్ర ఆక్సైడు ప్రైమరు, పైన రంగు వేసి, పూర్తిగా ఆరనివ్వండి.

## 7. తిరిగి బిగించడం

### అల్యూమినియం ఫ్రేము

1. పాత జిగురును కిరోసిన్ గుడ్డతో పూర్తిగా తీయండి. తర్వాత కిరోసిన్ జిడ్డు కూడా పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.
2. ఫ్రేము మూలల అతుకుల్లో సందులుంటే లోపలి నుంచి సన్నగా పీయూ పెట్టండి.
3. బ్యూటైల్ టేపును ఫ్రేము అంచు వెనక చుట్టూ వేయండి. మొదలు, చివర రెండూ కింది అంచు మధ్యలో కలవాలి. సాగదీయకండి. వేసవిలో టేపు తీగలు సాగి చేతికి అంటుకుంటుంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.
4. ఫ్రేమును కోతలో పెట్టి, ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించండి. ఒక్కో స్క్రూ మరకు చుక్క సీలెంట్ అద్దండి. అది నీటినీ ఆపుతుంది, స్టీలు అల్యూమినియాన్ని తినకుండానూ చూస్తుంది.
5. టేపు అంచుల నుంచి చుట్టూ సమానంగా ఉబికి రావాలి. ఉబకని చోట ఖాళీ ఉన్నట్టు. విప్పి ఇంకో పొర వేయండి, ఎక్కువ బిగించి సరిపెట్టవద్దు.
6. రెండు రోజులాగి అన్ని స్క్రూలనూ మళ్లీ కొద్దిగా బిగించి, ఉబికిన టేపును ప్లాస్టిక్ ముక్కతో కోసేయండి.
7. పై అంచుకూ, పక్కలకూ సన్నని పీయూ గీత. కింది అంచుకు వద్దు. ఎలాగో లోపలికి చేరిన చుక్కకు బయటికి దారి ఉండాలి.

### రబ్బరు కిటికీ

రబ్బరును చుట్టుకొలత కన్నా కొంచెం పొడవుగా కోయండి, కొసలు ఒకదాన్నొకటి నొక్కుకోవాలి. లాగి సరిపెడితే నెలలోనే వెనక్కి జరిగి సందు తెరుచుకుంటుంది.

రబ్బరును అద్దానికి తొడగండి. రేకు పట్టే గాడిలో చుట్టూ తాడు దూర్చి, రెండు కొసలూ కింది మధ్యలో ఒకదానిమీదొకటి వచ్చేలా లోపలికి వేలాడదీయండి. గాడికీ, రేకు అంచుకూ సబ్బు నీళ్లు పూయండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బయట ఒకరు అరచేతులతో అద్దాన్ని నొక్కుతుంటే, లోపలివారు తాడు కొసను అద్దం మధ్యకు లాగుతూ పోవాలి. తాడు వచ్చిన వెంట పెదవి రేకు మీదికి ఎక్కుతుంది. మూలల దగ్గర ఆగి, నొక్కి, మళ్లీ లాగండి. బిగింపు పట్టీని చివర వేయండి. దాని అతుకు, రబ్బరు అతుకు ఒకే చోట పడకూడదు.

### యాక్రిలిక్

ఫ్రేము కింద బ్యూటైల్ సరే. యాక్రిలిక్ పలకకు మాత్రం థిన్నర్, పెట్రోల్, ఆల్కహాల్, మామూలు పీయూ ఏదీ తగలనివ్వకండి. వెంట్రుక లాంటి పగుళ్లు పాకి కిటికీ పనికిరాకుండా పోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. ఇలాంటి కిటికీల్లో కారుడుకు ఎక్కువగా కారణం అంచు రబ్బరు అణిగిపోవడం, గడియ వదులు కావడం. ఆ రెండూ మారిస్తే చాలావరకు ఆగుతుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

చుట్టూ సిలికాన్ పూసేయడం. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ కూడా అంటదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే కింద లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. పైన పూతతో నీరు లోపలే చిక్కుకుని చెక్కను కుళ్లబెడుతుంది. ఇప్పటికే పూసి ఉంటే గీకి, సిలికాన్ రిమూవర్ పెట్టి, మళ్లీ గీకాలి. ఓపిక పట్టాల్సిన పని, అడ్డదారి లేదు.

తడి గోడ మీద బిగించడం. వారంలో బుడగలు, బూజు వాసన. విప్పి ఆరబెట్టడం తప్ప వేరే దారి లేదు.

స్క్రూలు బిగుతుగా తిప్పేయడం. టేపంతా బయటికి వచ్చేసి మధ్యలో పొర మిగలదు, ఫ్రేము అలలుగా వంగుతుంది. వదులు చేసి కొత్త టేపుతో మళ్లీ వేయండి.

కారకుండా ఉండాలని తెరుచుకునే కిటికీని శాశ్వతంగా మూసేయడం. అగ్నిప్రమాదంలో బయటికి దూకే దారి అదే కావచ్చు. వద్దు.

బండి మొత్తాన్ని ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పడం. కింద గాలి ఆడక చెమ్మ పడుతుంది. కప్పితే పైకప్పు వరకు, పక్కలు తెరిచి.

## 9. పని అయ్యాక

- పీయూ ప్యాకెట్ మీద రాసిన సమయం పూర్తయ్యాకే పైపు పరీక్ష, మళ్లీ కింది నుంచి పైకి
- కొత్త సుద్ద గీత, లోపల టార్చి
- పట్టా రంధ్రాల్లోకి గ్లాసుడు నీళ్లు
- లోపలి చెక్క పట్టీలు వెంటనే బిగించకండి. మొదటి పెద్ద వాన చూశాకే
- మిగిలిన రబ్బరు ముక్క, ముద్ర కాగితం, కొలతల చీటీ ఒక కవరులో పెట్టి డాష్‌బోర్డు అరలో ఉంచండి
- ఏటా సెప్టెంబరులో ఒకసారి: రంధ్రాలు శుభ్రం, పీయూ గీతల్లో పగుళ్లు, పైకప్పు పట్టీ స్క్రూలు

కారింది ఒక్క కిటికీయే అయినా, అదే కాలంలో బిగించిన మిగతా కిటికీల జిగురుకూ అదే వయసు. ఈ వానాకాలంలోపు వాటికీ సుద్ద గీత పరీక్ష చేయండి. కారేవాటి కోసం రబ్బరు, టేపు ఒకేసారి తెచ్చుకుంటే పుదుపేట ట్రాఫిక్‌లోకి మళ్లీ వెళ్లే బాధ తప్పుతుంది.